గోదావరి డెల్టా ఇళ్లలో చెమ్మ తగ్గేలా ఏసీ వాడుకోవడం ఎలా

మృగశిర కార్తె దాటిందంటే మన వైపు ఇళ్లలో ఇదే తంతు. ఏసీ రిమోట్ మీద 20 కనిపిస్తుంటుంది, ఒంటికి చలేస్తుంటుంది, అయినా దుప్పటి చెమ్మగా తగులుతుంది. బీరువా తెరిస్తే నెమ్ము వాసన. జాడీలో ఉప్పు నీరు కారుతుంది. సాయంత్రం వేయించిన అప్పడం రాత్రి భోజనాల వేళకే మెత్తబడిపోతుంది. ఆత్రేయపురంలో పూతరేకులు చుట్టేవాళ్లకి ఈ బాధ అందరికంటే బాగా తెలుసు.

అప్పుడు మనం చేసే పని రిమోట్ అందుకుని ఇంకో రెండు డిగ్రీలు తగ్గించడం. గది ఇంకా చల్లబడుతుంది, చెమ్మ మాత్రం ఎక్కడిదక్కడే ఉంటుంది. ధవళేశ్వరం నుంచి దిగే కాలువలు, వరిచేలు, కొబ్బరితోటలు, భీమవరం వైపు చేపల చెరువులు, కింద సముద్రం: వానాకాలంలో మన ఇంటికి గాలి ఎటునుంచి వచ్చినా నీళ్ల మీదుగానే వస్తుంది. కాబట్టి ఇక్కడ ఏసీతో చేయించుకోవాల్సిన మొదటి పని ఆ గాలిలోంచి నీళ్లు పిండించడం. అది సరిగ్గా జరిగితే 26 డిగ్రీల దగ్గర కూడా హాయిగా నిద్ర పడుతుంది.

1. ముందు తేమ మీటరు కొనండి

ఉష్ణోగ్రత, తేమ శాతం రెండూ చూపించే చిన్న డిజిటల్ మీటరు కొన్ని వందల రూపాయల్లో దొరుకుతుంది. రెండు తీసుకుంటే మంచిది, ఒకటి పడకగదికి, ఇంకొకటి వరండాకి. ఏసీ గాలి నేరుగా తగిలే చోట, ఎండ పడే గోడ మీద పెట్టకండి. మంచం ఎత్తులో, లోపలి గోడకి పెట్టండి.

చవక మీటర్లు అయిదారు శాతం అటూ ఇటూ చూపిస్తాయి. సరిచూసుకోవడం సులువే. చిన్న గిన్నెలో రెండు చెంచాల ఉప్పు వేసి, తడి ఇసుకలా అయ్యేంత వరకే నీళ్లు చిలకరించండి. ఉప్పు పూర్తిగా కరిగిపోకూడదు. ఆ గిన్నెనీ మీటరునీ గాలి చొరబడని డబ్బాలో పెట్టి ఒక రోజు వదిలేయండి. ఆ డబ్బాలో తేమ 75 శాతం దగ్గర నిలబడుతుంది. మీటరు 80 చూపిస్తే అది 5 ఎక్కువ చూపిస్తోందన్నమాట. ఆ తేడా దాని వెనక పెన్నుతో రాసి పెట్టుకోండి.

గదిలో 50 నుంచి 60 మధ్య ఉంటే చాలు. 60 దాటి రోజుల తరబడి ఉంటే పరుపుల్లో డస్ట్ మైట్స్ (కంటికి కనబడని దుమ్ము పురుగులు) పెరుగుతాయి, ఆస్తమా ఉన్నవాళ్లకి ఆయాసం ఎక్కువవుతుంది. 70 దాటితే తోలు చెప్పులకీ బెల్టులకీ పుస్తకాలకీ బూజు పడుతుంది. 40 కంటే కిందికి పోతుందన్న భయం మనకి అక్కర్లేదు. ఏసీ గదిలో గిన్నెతో నీళ్లు పెట్టుకోమనే సలహా పొడి ప్రాంతాల వాళ్లది. మనకి పనికిరాదు.

2. శాతం ఒక్కటే చూసి కిటికీ తెరవకండి

ఆగస్టులో ఒక మధ్యాహ్నం బయట 33 డిగ్రీలు, తేమ 68 శాతం అనుకుందాం. మర్నాడు తెల్లవారుజామున 27 డిగ్రీలు, 95 శాతం. చూడటానికి మధ్యాహ్నమే పొడిగా ఉన్నట్టుంటుంది. నిజానికి రెండు వేళల్లోనూ ఘనపు మీటరు గాలిలో ఉన్న నీరు ఒకటే, సుమారు 24 గ్రాములు. వేడి గాలి ఎక్కువ నీటిని పట్టుకోగలదు కాబట్టి శాతం తగ్గినట్టు కనబడుతుంది, అంతే.

అందుకని ఈ చిన్న లెక్క గుర్తుంచుకోండి. ఘనపు మీటరు గాలి 20 డిగ్రీల దగ్గర 17 గ్రాములు, 24 దగ్గర 22, 26 దగ్గర 24, 28 దగ్గర 27, 30 దగ్గర 30, 32 దగ్గర 34 గ్రాముల నీటిని పట్టుకోగలదు. దాన్ని మీటరు చూపించే శాతంతో గుణిస్తే అసలు నీరెంతో తెలుస్తుంది. లోపల 26 డిగ్రీలు, 60 శాతం అంటే 14 గ్రాముల చిల్లర. బయట 30 డిగ్రీలు, 80 శాతం అంటే 24. ఈ స్థితిలో "కాస్త గాలి తగలనీ" అని కిటికీ తీస్తే గదిలోకి నీళ్లు పోసినట్టే.

అదే సంక్రాంతి రోజుల్లో, మంచు విడిపోయాక, మధ్యాహ్నం మూడింటికి బయట 29 డిగ్రీలు, 50 శాతం కనిపిస్తే నీరు 14 గ్రాములే. అప్పుడు ఏసీలూ మిషన్లూ ఏమీ వద్దు. కిటికీలన్నీ తీసి, బీరువా తలుపులు తెరిచి, పరుపులు ఎండలో వేయండి. ఏడాదంతా పేరుకున్న నెమ్ము వదిలించుకోడానికి డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా మధ్యాహ్నాలే మంచి అదను. తెల్లవారుజామున మంచు గాలిని మాత్రం లోపలికి రానివ్వకండి.

3. ఇంట్లో మనమే పుట్టించే నీళ్లు

గాలిని తిట్టుకునే ముందు ఇంట్లో చూడండి. నిద్రపోయే మనిషి ఊపిరి, చెమట కలిపి గంటకి 40 నుంచి 50 గ్రాముల నీరు వదులుతాడు. దాన్ని ఆపలేం. మిగతావి ఆపొచ్చు.

ఎవరూ పట్టించుకోనిది గ్యాస్ పొయ్యి. కిలో ఎల్పీజీ మండితే సుమారు 1.6 కిలోల నీటి ఆవిరి పుడుతుంది. అంటే 14.2 కిలోల సిలిండరు అయిపోయేసరికి 22 లీటర్లకు పైగా నీరు మీ వంటింటి గాలిలో కలిసింది. అన్నం, చారు కాగేటప్పుడు వచ్చే ఆవిరి దీనికి అదనం. పొయ్యి వెలిగించినప్పుడే ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేయండి, పొయ్యి కట్టేశాక పావుగంట తిరగనివ్వండి. వంటింటికీ హాలుకీ మధ్య తలుపు ఉంటే వేసేయండి.

రెండోది బట్టలు. వాషింగ్ మిషన్ పిండాక కూడా ఒక వాయి బట్టల్లో రెండు లీటర్లకు తక్కువ కాకుండా నీరుంటుంది. వానకాలం వాటిని పడకగదిలో ఫ్యాన్ కింద ఆరేస్తే ఆ నీరంతా పరుపుకీ గోడకీ పోతుంది. వరండాలో చూరు కింద, గాలి ఆడే చోట ఫ్యాన్ పెట్టి ఆరేయండి. అపార్ట్‌మెంట్ అయితే బాత్‌రూమ్‌లో ఆరేసి, తలుపు ఓరగా ఉంచి, ఎగ్జాస్ట్ వేయండి. వేడినీళ్ల స్నానం తర్వాత కూడా అదే ఫ్యాన్ పావుగంట తిరగాలి. పడకగది లోపలే బాత్‌రూమ్ ఉన్నవాళ్లకి ఇది మరీ ముఖ్యం.

4. చెమ్మ గాలిదా, గోడదా?

మనకి నేలలో నీటిమట్టం పైనే ఉంటుంది, కొన్ని చోట్ల ఉప్పునీరు కూడా. పునాది దగ్గర డ్యాంప్ ప్రూఫ్ కోర్సు (నేల చెమ్మ గోడలోకి ఎక్కకుండా వేసే పొర) సరిగా వేయని ఇంట్లో ఇటుక ఆ నీటిని పైకి పీల్చుకుంటుంది. కింద రెండు మూడు అడుగుల మేర రంగు పెచ్చులూడి, తెల్లగా ఉప్పు పొంగుతుంది. దీన్ని ఏ ఏసీ బాగుచేయలేదు.

తేల్చుకోడానికి అడుగు చదరపు పాలిథిన్ ముక్కని గోడకి నాలుగు పక్కలా టేపుతో గట్టిగా అంటించి రెండు రోజులు ఉంచండి. పాలిథిన్ వెనక, గోడ వైపు నీటి బొట్లు పడితే చెమ్మ గోడలోంచి వస్తోంది. గది వైపు పడితే అది గాలిలోని తేమ. గోడది అయితే తాపీ మేస్త్రి పని ఉంది. ముందుగా బయట గోడకి ఆనుకుని పోసిన మట్టి, పూలమొక్కల మడి తీసేయించండి, శ్లాబు నీళ్లు గోడ మొదట్లో పడకుండా పైపు దూరంగా పెట్టించండి. పైన వాటర్‌ప్రూఫ్ రంగు ఒక్కటే కొట్టించి ఊరుకుంటే చెమ్మ లోపలే ఉండి ఇంకో అడుగు పైకి ఎక్కుతుంది.

5. ఏసీ గదిని నిజంగా మూయండి

పది పన్నెండు అడుగుల గది, పదడుగుల ఎత్తు ఉందనుకోండి. అందులో గాలి 34 ఘనపు మీటర్లు. 30 డిగ్రీలు, 80 శాతం దగ్గర ఆ గాలిలో 800 గ్రాముల పైన నీరుంటుంది. 26 డిగ్రీలు, 55 శాతానికి దింపాలంటే అందులో 370 గ్రాములు తీయాలి. ఏసీకి అది పావుగంట, ఇరవై నిమిషాల పని. కానీ తలుపు సందులు, వెంటిలేటర్లలోంచి గంటకి ఒకసారి గది గాలి మారిపోతుంటే ప్రతి గంటా ఇంకో 370 గ్రాములు వచ్చి చేరుతూనే ఉంటుంది. ఇద్దరు పడుకుంటే వాళ్ల 90 గ్రాములు కలుపుకోండి. ఏసీ రాత్రంతా కష్టపడేది ఈ వచ్చే నీటితోనే.

పాత ఇళ్లలో సన్‌షేడ్ పైన సిమెంటు జాలీ వెంటిలేటర్లు ఉంటాయి. ఏసీ పెట్టించేటప్పుడు వాటికి అట్టముక్క అడ్డుపెట్టి వదిలేస్తారు. అద్దమో అక్రిలిక్ షీటో పెట్టి సిలికాన్‌తో మూయించండి. తలుపు కింద సందుకి రబ్బరు పట్టీ, కిటికీ రెక్కలకి ఫోమ్ టేపు. ఏసీ పైపులు గోడలోంచి బయటికి వెళ్లే కన్నం చుట్టూ చూడటం మరిచిపోకండి, చాలా ఇళ్లలో అది తెరిచే ఉంటుంది.

మండువా లోగిళ్లు, పెంకుటిళ్ల సంగతి వేరు. అవి గాలి ఆడటం కోసమే కట్టినవి. పెంకుల సందుల్లోంచి గాలి తిరుగుతూ ఉంటేనే ఆ ఇంటి కలప, గోడలు బాగుంటాయి. అలాంటి ఇంట్లో ఏసీ కావాలంటే ఒక్క గదిని ఎంచుకుని, దానికి సీలింగ్ వేయించి, సందులు మూయించి, ఆ గదికే పరిమితం చేయండి. సీలింగ్ లేకుండా పెంకుల కింద ఏసీ బిగించడం డబ్బు దండగ.

మూసిన గదికి రోజులో కాసేపు మంచి గాలి కూడా కావాలి. గది చల్లగా ఉండగా పొద్దున్నే కిటికీలు బార్లా తీస్తే, ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాకి పట్టినట్టు గోడలకీ గచ్చుకీ నీరు పడుతుంది. ఏసీ కట్టేశాక గోడలు మామూలు వేడికి వచ్చేదాకా ఆగి, పొద్దెక్కాక తీయండి.

6. ఏసీ సెట్టింగులు

ఏసీ లోపల చల్లటి కాయిల్ ఉంటుంది. గాలి దాని మీదుగా వెళ్లేటప్పుడు అందులోని ఆవిరి నీరై కారుతుంది. బయట 30 డిగ్రీలు, 80 శాతం ఉన్న గాలి 26 డిగ్రీలకి చల్లబడగానే నీరు వదలడం మొదలెడుతుంది. అదే గదిని 55 శాతానికి తేవాలంటే కాయిల్ బాగా చల్లగా, 15 డిగ్రీల లోపు ఉండాలి, పైగా కంప్రెసర్ ఆగకుండా ఎక్కువసేపు నడవాలి. మీరు మార్చే ప్రతి సెట్టింగునీ ఈ రెండు షరతులతో కొలవండి.

*టన్నేజీ.* అంటే ఏసీ చల్లబరిచే సామర్థ్యం. చిన్న గదికి పెద్ద ఏసీ పెట్టడం మన వైపు బాగా జరిగే పొరపాటు. "ఒకటిన్నర టన్ను పెట్టండి సార్, తొందరగా కూల్ అవుద్ది" అంటాడు షాపులో కుర్రాడు. కూల్ అవుతుంది. పది నిమిషాల్లో రిమోట్ అంకెకి చేరి కంప్రెసర్ ఆగిపోతుంది, నీరు పిండే టైమే ఉండదు. కాయిల్ మీద మిగిలిన తడి ఫ్యాన్ గాలికి మళ్లీ గదిలోకే వస్తుంది. 110, 120 చదరపు అడుగుల గదికి మామూలుగా ఒక టన్ను సరిపోతుంది. పైన శ్లాబు నేరుగా ఎండకి కాగుతుంటే కాస్త ఆలోచించాలి. ఇన్వర్టర్ ఏసీ ఆగకుండా స్పీడు తగ్గించుకుని నడుస్తుంది కాబట్టి నయమే. కానీ మరీ నెమ్మదిస్తే దాని కాయిల్ కూడా వేడెక్కి, గది చల్లగా, తేమ 65, 70 దగ్గర ఉండిపోతుంది.

*ఉష్ణోగ్రత.* 2020 జనవరి నుంచి స్టార్ లేబుల్ ఉన్న ఏసీలు ఆన్ చేయగానే 24 డిగ్రీలతో మొదలవ్వాలని నిబంధన ఉంది. మన ఉక్కకి 25, 26 ఇంకా బాగుంటుంది, సీలింగ్ ఫ్యాన్ ఒకటో రెండో నంబరు మీద వేసుకుంటే. 18, 20 పెడితే గోడలు బాగా చల్లబడి, ఆ గోడకి అవతల పక్క, అంటే ఏసీ లేని గదిలో, బీరువా వెనక బూజు పడుతుంది. చాలామంది దాన్ని వాన చెమ్మ అనుకుని శ్లాబుకి మందు వేయిస్తారు.

*ఫ్యాన్ స్పీడు.* ఎండాకాలం 'హై' (ఎక్కువ), వానాకాలం 'లో' (తక్కువ). గాలి నెమ్మదిగా వెళ్తే కాయిల్ ఇంకా చల్లబడి నీరు ఎక్కువ పిండుతుంది. ఈ ఒక్క మార్పుతోనే మీటరు అంకె కదలడం చూస్తారు.

*డ్రై మోడ్.* రిమోట్ మీద నీటి బొట్టు గుర్తు. ఇది ఫ్యాన్‌ని తగ్గించి, కంప్రెసర్‌ని ఆపుతూ నడుపుతూ నీరు తీస్తుంది. ముసురు పట్టి బయట 27, 28 డిగ్రీలే ఉన్న రోజుల్లో దీన్ని మించింది లేదు. ఎందుకంటే అప్పుడు తీయాల్సిన వేడి తక్కువ, నీరు ఎక్కువ. మే నెల ఎండలో మాత్రం డ్రై పెడితే గది చల్లబడదు, అప్పుడు కూల్ మోడే.

అడుగడుగునా ఇలా చూసుకోండి: పడుకునే గంట ముందు తలుపులు మూసి, ఏసీ 25 మీద, దాని ఫ్యాన్ తక్కువ స్పీడులో పెట్టండి. గంట తర్వాత మీటరు 60 లోపు ఉంటే 26కి పెంచేయండి. 65 దగ్గరే ఆగిపోతే డ్రైకి మార్చండి. అప్పటికీ దిగకపోతే తప్పు సెట్టింగుది కాదు, కింది పరీక్ష చేయండి.

7. బకెట్ పరీక్ష

ఏసీ డ్రెయిన్ పైపు చివర ఒక బకెట్ పెట్టండి. పైపు కొస నీళ్లలో మునగకూడదు, మునిగితే నీరు వెనక్కి తన్నుతుంది. రాత్రి ఎనిమిది గంటలు నడిచాక పొద్దున్నే ఎన్ని లీటర్లున్నాయో చూడండి.

పైన చెప్పిన గదికి, ఇద్దరు మనుషులకి, వానాకాలంలో నాలుగైదు లీటర్లు రావాలి. అంత వచ్చి మీటరు 60 లోపు ఉంటే అంతా బాగున్నట్టే. పది లీటర్లు దాటి వస్తున్నా మీటరు దిగకపోతే ఏసీ తన పని చేస్తోంది, గదే కారుతోంది. మళ్లీ అయిదో మెట్టుకి వెళ్లి సందులు వెతకండి. లీటరు కూడా రాలేదంటే ఏసీ మరీ పెద్దది కావచ్చు, ఫిల్టర్ మూసుకుని ఉండొచ్చు, గ్యాస్ తగ్గి ఉండొచ్చు, లేదా నీరు పైపులోకి రాకుండా లోపలే నిలిచిపోయి ఉండొచ్చు. ఒక టన్ను ఏసీ పూర్తిగా పనిచేస్తే గంటకి లీటరు పైనే తీయగలదు కాబట్టి, లీటరు కూడా రాని రాత్రి ఎక్కడో లోపం ఉన్నట్టే.

మెకానిక్ వచ్చి చూడకుండానే "గ్యాస్ తగ్గింది సార్" అంటే ఈ లీటర్ల లెక్క చెప్పండి. గ్యాస్ ఊరికే అయిపోదు, ఎక్కడో లీకుంటేనే తగ్గుతుంది. లీకు చూపించి, మూసిన తర్వాతే నింపమనండి.

బకెట్ నీళ్లు గచ్చు తుడవడానికి, మొక్కలకి వాడుకోవచ్చు. తాగకూడదు.

8. శుభ్రం

ఫిల్టర్ రెండు వారాలకోసారి కడిగి, నీడన ఆరాకే పెట్టండి. డ్రెయిన్ పైపు మొదటి నుంచి చివరిదాకా కిందికే వాలి ఉండాలి. మధ్యలో ఎక్కడైనా పైకి లేస్తే అక్కడ జిగురు పేరుకుని నీరు లోపలి గోడ మీద కారుతుంది. కందిరీగలు పైపు కొసలో మట్టిగూడు పెట్టకుండా దోమతెర గుడ్డ ముక్క వదులుగా కట్టండి. ఆటో క్లీన్ (ఆపేశాక లోపలి తడిని ఆరబెట్టే ఏర్పాటు) ఉన్న ఏసీ అయితే పొద్దున్న కట్టేసేటప్పుడు దాన్ని నడవనివ్వండి, లేకపోతే తడి కాయిల్ మీద బూజు పట్టి, ఆన్ చేయగానే ముక్కిపోయిన వాసన కొడుతుంది.

అంతర్వేది, ఓడలరేవు, ఉప్పాడ లాంటి సముద్రపు ఒడ్డు ఊళ్లవాళ్లు మెయిన్ ఆఫ్ చేసి, బయటి యూనిట్‌ని నెలకోసారి మంచినీళ్లతో మెల్లగా కడగాలి. ఉప్పుగాలి దాని రేకుల్ని తినేస్తుంది. కొత్తది కొనేటప్పుడు తుప్పు పట్టని పూత ఉన్న కాయిల్ అడగండి.

9. కూలర్, హీటర్, డీహ్యూమిడిఫైయర్

కూలర్ గాలికి నీళ్లు కలిపి చల్లబరుస్తుంది. మే నెలలో పడమటి వడగాలి వీచే రోజుల్లో, రాజమండ్రి వైపు, కిటికీ తీసి పెట్టుకుంటే పనికొస్తుంది. వానలు మొదలయ్యాక, అందులోనూ మూసిన గదిలో, ఉక్కని కొనుక్కోవడమే.

హీటర్ వేస్తే తేమ శాతం తగ్గుతుంది గానీ నీరు గదిలోనే ఉంటుంది. 20 డిగ్రీలు, 90 శాతం ఉన్న గాలిని 25కి వేడిచేస్తే మీటరు 68 చూపిస్తుంది, హీటర్ ఆపగానే మళ్లీ మొదటికొస్తుంది. మనకున్న నాలుగు రోజుల చలికి వేడీ చల్లనా రెండూ ఇచ్చే ఏసీకి అదనంగా డబ్బు పెట్టాల్సిన పని లేదు.

ఏసీ అక్కర్లేని స్టోర్ రూమ్‌కి, పుస్తకాల గదికి కంప్రెసర్ ఉన్న డీహ్యూమిడిఫైయర్ మంచిది. అది గదిని కొంచెం వేడెక్కిస్తుందని తెలిసి కొనండి. "రోజుకి 20 లీటర్లు" అని రాసే అంకె సాధారణంగా 30 డిగ్రీలు, 80 శాతం దగ్గర కొలిచింది, గది పొడిబడే కొద్దీ తగ్గుతుంది. అరచేతిలో పట్టే చిన్న మిషన్లు రోజుకి గ్లాసుడు నీళ్లు తీస్తాయి. బీరువా అరకైతే సరే, గదికి కాదు.

10. బీరువా, పట్టుచీరలు

బీరువాని బయటి గోడకి ఆనించకండి, నాలుగు అంగుళాలు జరిపి గాలి ఆడనివ్వండి. ఏసీ గదికి అవతల గోడకి అసలే వద్దు. కలరా ఉండలు పురుగుని ఆపుతాయి, తేమని కాదు. సిలికా జెల్ సంచులు పెడితే నెలకోసారి సన్న సెగ మీద ఆరబెట్టి మళ్లీ వాడుకోవచ్చు. నీరు పీల్చి డబ్బాలో నింపే కాల్షియం క్లోరైడ్ రకం బాగానే పనిచేస్తుంది గానీ ఆ నీరు ఒలికితే చీర పాడవుతుంది, అన్నిటికంటే కింది అరలోనే పెట్టండి.

పాతకాలం వాళ్లు పుస్తకాల అలమరలో చిన్న బల్బు వెలిగించి ఉంచేవారు. అందులో అర్థముంది. అలమర బయటికంటే మూడు డిగ్రీలు వెచ్చగా ఉంటే 80 శాతం తేమ 68కి దిగుతుంది. ఎల్ఈడీ జీరో బల్బుతో ఆ పని జరగదు, దానికి వేడే ఉండదు. పాత ఫిలమెంట్ బల్బు పెడితే బట్టకీ కాగితానికీ తగలకుండా జాలీ ఉండాలి.

11. వరద నీరు ఇంట్లోకి వచ్చి తీశాక

లంక ఊళ్లలో ఈ అవసరం తప్పదు. మెయిన్ ఆపేసి, నీరు తాకిన సాకెట్లు, వైరింగ్ ఎలక్ట్రీషియన్ చూసిందాకా ఏసీ, ఫ్యాన్ ఏదీ వేయకండి. బురద కడిగి, తడిసిన పరుపులు బయట పడేసి, మొదటి రోజుల్లో ఎండ ఉన్నంతసేపూ తలుపులు తెరిచే ఉంచండి. గచ్చు మీద తడి కనబడనప్పటి నుంచి మాత్రమే గది మూసి ఏసీ డ్రైలో గానీ డీహ్యూమిడిఫైయర్ గానీ నడపండి. నీరు నిలిచిన మేర ఇటుక గోడ ఆరడానికి వారాలు పడుతుంది. పాలిథిన్ ముక్క అంటించి చూసి, గోడ వైపు బొట్లు పడటం ఆగాకే రంగు వేయించండి.